డ్రైవరు లేని బండి, గేటు దగ్గర మనిషి

దుబాయికి పోయి వచ్చినవారు లేని ఊరు మన వైపు అరుదు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు చాయ హోటలు దగ్గర వారు చెప్పే ముచ్చట్లలో ఒకటి అక్కడి రైలు గురించి. ఆ రైలుకు డ్రైవరు ఉండడు. డ్రైవరు కూచునే గదే ఉండదు. వేళకు వస్తుంది, తలుపులు తెరుస్తుంది, మూస్తుంది, తనంత తానే వెళ్లిపోతుంది. విన్న పెద్దలు మొదట నమ్మరు. నమ్మిన తర్వాత వేసే ప్రశ్న ఒక్కటే: మరి అడ్డంగా బర్రె వస్తే ఎవరు ఆపుతారు?

ఈ ప్రశ్నను అమాయకపు ప్రశ్న అని నవ్వి వదిలేయరాదు. అసలు విషయమంతా అందులోనే ఉంది.

డ్రైవరు లేని బండి నిన్నమొన్నటి వింత కాదు. అమెరికాలోని టాంపా విమానాశ్రయంలో 1971లోనే ప్రయాణికులను ఒక భవనం నుంచి మరొక భవనానికి ఇటువంటి చిన్న బండ్లు చేరవేశాయి. 1981లో జపాన్‌లోని కోబే నగరంలోను, 1983లో ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలోను ఇవి ఊరి జనానికి అందుబాటులోకి వచ్చాయి. దుబాయి మెట్రో 2009 సెప్టెంబరు 9న, దోహా మెట్రో 2019లో, రియాద్ మెట్రో 2024 డిసెంబరులో మొదలయ్యాయి. ఈ గల్ఫ్ నగరాలను కట్టిన చేతుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ చేతులు తక్కువేమీ కావు. మన దేశంలో తొలి డ్రైవరు లేని రైలు 2020 డిసెంబరు 28న ఢిల్లీ మెట్రోలో నడిచింది. 2017 నవంబరులో ప్రారంభమై 69 కిలోమీటర్లకు పెరిగిన హైదరాబాద్ మెట్రోలో బండి పరుగు, ఆగడం చాలావరకు రేడియో సంకేతాలతో యంత్రమే చూసుకుంటుంది. అయినా ముందు గదిలో ఒక ఆపరేటరు కూచునే ఉంటారు.

ఇది ఎట్లా సాధ్యం? బండి ఎక్కడ ఉన్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ క్షణక్షణం కంట్రోల్ రూముకు తెలుస్తుంది. ముందున్న బండి ఎంత దూరంలో ఉన్నదో లెక్కగట్టి కంప్యూటరు వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. కాని అసలు రహస్యం బండిలో లేదు, దారిలో ఉంది. ఆ పట్టాలు స్తంభాల మీదనో, సొరంగంలోనో, ఎత్తయిన కంచెల నడుమనో ఉంటాయి. చాలా చోట్ల ప్లాట్‌ఫారం అంచున అద్దాల గోడ ఉండి, బండి వచ్చి ఆగిన తర్వాతనే తెరుచుకుంటుంది. బర్రె రాదు, మనిషి రాడు, ఎడ్లబండి రాదు. రానివ్వని ఏర్పాటు ముందు చేసి, ఆ తర్వాతనే డ్రైవరును దించారు.

బెల్లంపల్లివారికి ఇది కొత్త పాఠం కాదు. బొగ్గుబాయిలో చానక్ మీదుగా దిగే కేజీలో డ్రైవరు ఎవరూ ఉండరు. పైన వైండింగ్ ఇంజను దగ్గర ఒక మనిషి, గంటల సంకేతం, రోజూ పరీక్షించే ఇనుప తాడు, మూసి ఉన్న దారి - వీటిని నమ్మి కార్మికుడు ఎక్కుతాడు. మ్యాన్‌రైడింగ్ వచ్చిన గనుల్లో కదిలే తాడుకు వేలాడే కుర్చీ మీద కూచుని పని స్థలం దాకా పోతున్నాడు. కనిపించే డ్రైవరు లేకున్నా వెనుక బాధ్యత వహించే మనిషి ఉన్నాడన్న భరోసా అది. ఆ భరోసా సడలిన రోజున ఎంత మంచి యంత్రమైనా ప్రాణాంతకమే.

ఇక మన రైలుమార్గం సంగతి చూద్దాం. కాజీపేట - బల్లార్షా మార్గం దేశపు ఉత్తరాన్ని, దక్షిణాన్ని కలిపే ముఖ్యమైన దారి. 2022 సెప్టెంబరు నుంచి దీని మీద గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. 2024 సెప్టెంబరులో నాగపూర్ - సికింద్రాబాద్ వందేభారత్ వచ్చింది. అది బెల్లంపల్లిలో ఆగదు, బెల్లంపల్లి మీదుగా దూసుకుపోతుంది. 130 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 36 మీటర్లు. పట్టాల మీద పశువును చూసి బ్రేకు వేసినా బండి నిలిచేసరికి కిలోమీటరు దాకా సాగిపోవచ్చు. మందమర్రి, బెల్లంపల్లి, రేచిని రోడ్డు, ఆసిఫాబాద్ రోడ్డు - ఈ స్టేషన్ల నడుమ పట్టాలకు ఒక పక్క ఇల్లు, మరో పక్క చేను ఉన్నవారికి ఈ లెక్క బతుకు లెక్క.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటులో బడి బస్సును రైలు ఢీకొన్న ఘోరాన్ని తెలంగాణ మరువలేదు. బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్లన్నిటిని 2019 జనవరి నాటికి తొలగించడం మెచ్చదగిన పని. కాని కాపలా మనిషి ఉన్నంత మాత్రాన చాలదని 2025 జులైలో తమిళనాడులోని కడలూరు వద్ద జరిగిన ప్రమాదం చూపింది. అక్కడ గేటుకు, సిగ్నలుకు ఇంటర్‌లాకింగ్ లేదు. గేటు మూయనిదే సిగ్నలు పచ్చబడని ఏర్పాటు ఉంటే బడి పిల్లలు దక్కేవారు. మనిషి పొరపాటును యంత్రం ఆపాలి, యంత్రం లోపాన్ని మనిషి కనిపెట్టాలి. 2023 జూన్‌లో బాలాసోర్ వద్ద సిగ్నలు తీగెల మరమ్మతులో జరిగిన తప్పిదం 290 మందికి పైగా ప్రాణాలు తీసింది. యంత్రం ఉన్నచోట మనిషి అజాగ్రత్త ఇంకా ఖరీదైనదని ఆ దుర్ఘటన చెబుతున్నది.

ఇంజను డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటబోతే తనంత తానే బ్రేకు వేసే 'కవచ్' పరికరాన్ని పరీక్షించి పెంచింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. గేటు దగ్గర పడగానే అది కూత కూడా తానే వేయగలదు. ఇది డ్రైవరును తీసేసే యంత్రం కాదు, డ్రైవరుకు తోడుండే యంత్రం. మన వంటి తెరిచిన దారులకు కావలసింది ఇదే. 2023 అక్టోబరులో విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు ప్యాసింజరు బండ్లు ఢీకొన్న మార్గంలో కవచ్ లేదు. పుట్టిన గడ్డ మీద ఈ పరికరం ప్రతి ముఖ్యమార్గానికి చేరాలని కోరడం అత్యాశ కాదు.

యంత్రం పేరు చెప్పగానే గని ప్రాంతంలో ఒక భయం మెదులుతుంది. అది నిరాధారమైన భయం కాదు. 1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు నేడు 40 వేలకు అటూ ఇటూగా మిగిలారు. ఓపెన్‌కాస్టులు, లోడింగ్ యంత్రాలు, కాంట్రాక్టు పనులు వచ్చాయి, తట్ట, చెమ్మాసు పట్టిన ఫిల్లర్లు కనుమరుగయ్యారు. డ్రైవరు లేని రైలు వచ్చినా కంట్రోల్ రూములో, సిగ్నలు పనిలో, డిపోలో మనుషులు కావాలి. ఆ మనుషులు ఎవరి పిల్లలు కావాలన్నదే ప్రశ్న. సిగ్నలు విద్య నేర్పే రైల్వే సంస్థ 1957 నుంచి సికింద్రాబాదులోనే ఉంది. బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో చదివే గని కార్మికుని కొడుక్కి, కూతురికి ఆ విద్య అందేటట్టు రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలసి దారి చూపాలి. లేకుంటే పట్టాలు మనవి, బండ్లు మన మీదుగా పోయేవి, బతుకుదెరువు మాత్రం మరెవరిదో అవుతుంది.

నగరానికి డ్రైవరు లేని రైలు వస్తే మనకు ఏడుపు లేదు. ఆస్పత్రికి, చదువుకు, విమానాశ్రయానికి మనమూ ఆ నగరానికే పోతాం. కాని వేలకోట్లు పోసి అక్కడ ఒక్క ప్రాణికి కూడా పట్టాల మీదికి దారి లేకుండా చేస్తున్నప్పుడు, ఇక్కడ పట్టాలు దాటే మనిషికి కనీస రక్షణ ఇవ్వడం బిచ్చం కాదు, హక్కు. ప్రతి గేటుకు ఇంటర్‌లాకింగ్ ఉన్నదో లేదో అధికారులు ప్రజలకు తెలపాలి. గేటు తీసేసి అండర్‌బ్రిడ్జి కట్టినచోట వానాకాలం నీళ్లు నిలవకుండా కాలువ కట్టాలి. మడుగులో దిగలేక మళ్లీ పట్టాలెక్కి దాటేవాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. మూడవ లైను పూర్తయ్యేలోగా జనం నడిచే చోట్ల పాదచారుల వంతెనలు, పశువులు తిరిగే చోట్ల కంచె వేయాలి. ఈ మార్గంలో కవచ్ ఎప్పటికి పూర్తవుతుందో తేదీ ప్రకటించాలి.

గ్రామస్థులకూ ఒక మాట. మూసిన గేటు కింద నుంచి మోటారు సైకిలును వంచి దూర్చేవాడిని ఏ కంప్యూటరూ కాపాడలేదు. చెవిలో ఫోను పాటలు పెట్టుకుని పట్టాల మీద నడిచే పిల్లవాడిని ఇంటివారే మందలించాలి. పశువుల కాపరి పట్టాల పక్కన మేపు మానుకోవాలి.

బర్రె వస్తే ఎవరు ఆపుతారని అడిగిన పెద్దాయనకు దుబాయిలో జవాబు దొరికింది. బర్రె రాలేని దారి కట్టారు. అదే ప్రశ్న ఆయన మన గేటు దగ్గర నిలబడి అడిగితే రైల్వే ఏమని జవాబిస్తుంది? ఇంకొక ప్రమాదం జరిగిన తర్వాత కాదు, ముందే ఆ జవాబు రావాలి.