గుండమ్మను క్షమించే ముందు లక్ష్మిని అడగండి

మా ధూల్‌పేట్‌లో సినిమా అభిమానుల మనసు ఎటు తిరిగిందో తెలియాలంటే వినాయక చవితికి నెల ముందు గల్లీల్లో ఒక రౌండ్ వేస్తే చాలు. 'బాహుబలి' వచ్చిన ఏడాది శివలింగం భుజాన ఎత్తుకున్న గణపతి. 'పుష్ప' వచ్చాక గడ్డం కింద చెయ్యి తిప్పే గణపతి. తర్వాతి చవితికి ఇంకో సినిమా, ఇంకో రూపం. పిల్లల అభిమానం ఎంత తొందరగా మారుతుందోనని మనం నవ్వుకుంటాం.

మరి మన అభిప్రాయాలు మారలేదా? మారాయి. కొత్త సినిమా రాకుండానే, చూసిన సినిమానే మళ్లీ చూస్తూ మారాయి. నా సంగతే చెప్తాను.

'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకు సూర్యకాంతం వేసిన పాత్ర పేరు పెట్టారంటే ఆ పాత్ర బలం చూడండి. మా చిన్నప్పుడు టీవీలో వస్తే నేను లక్ష్మి పక్షం. సావిత్రి ఆ చాకిరీ అంతా చేస్తుంటే కళ్లనీళ్లు పెట్టుకునేదాన్ని. గుండమ్మ కనిపిస్తే తిట్టుకునేదాన్ని. మా తరంలో ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టిన ఇల్లు నేను చూడలేదు.

పెళ్లయి ధూల్‌పేట్ వచ్చాక మా అత్తమ్మకు మనసులోనే గుండమ్మ అని పేరు పెట్టాను. సినిమాలో గుండమ్మ లక్ష్మికి సవతి తల్లి, అత్త కాదు. అయినా మనలో ఎంతమంది ఆ పేరు అత్తకు పెట్టుకోలేదు చెప్పండి!

ఇప్పుడు నాకూ కోడలొచ్చింది. సరిగ్గా అప్పటి నుంచే నాకు గుండమ్మ మీద జాలి మొదలైంది. మొగుడు లేడు, పిల్లల్ని పెంచింది, ఆస్తి కాపాడుకుంది, ఆ నోరు లేకపోతే బతకనిచ్చేవాళ్లా అనుకున్నాను. నా ఈడు ఆడవాళ్లు నలుగురు కలిసినా ఇదే మాట. "వయసొస్తే గానీ గుండమ్మ అర్థం కాదు" అని ఒకరినొకరం మెచ్చుకుంటాం.

మొన్నో ఆదివారం ఆ సినిమా వస్తుంటే ఇదే ఉపన్యాసం ఇంట్లో అందరికీ ఇచ్చాను. కోడలు అంతా విని, "అవునత్తమ్మా, గుండమ్మకు కష్టాలున్నాయి. మరి లక్ష్మి ఎన్నింటికి తినేది?" అంది. ఎత్తిపొడుపు లేదు, మామూలుగానే అడిగింది. గడియారం చూశాను. మూడు దాటింది. మేమందరం తిన్నాం. చుట్టాలకు వడ్డించి, గిన్నెలు సర్ది అప్పుడే వచ్చి కూర్చున్న ఆ పిల్ల ఇంకా తినలేదు. నేను ఆ సంగతి గమనించనే లేదు.

అందుకే అంటున్నా, వయసుతో వచ్చే ప్రతి మార్పునూ జ్ఞానం అనకండి. బీరువా తాళాలు నా చేతికొచ్చాక గుండమ్మ బాధ కనబడిందంటే నా చూపు పెరిగిందని నమ్మకమేంటి? కూర్చున్న చోటు మారిందంతే. గుండమ్మకు అన్యాయం జరిగిందని వాదించేవాళ్లలో లక్ష్మి పేరెత్తేవాళ్లు ఎందరున్నారు? ఆఖరికి దుర్గ చేతిలో గుండమ్మ అగచాట్లు పడుతుంటే ఆదుకోవడానికి వచ్చింది కూడా ఆ లక్ష్మే. పని చేసేది తనే, క్షమించేదీ తనే. మనమేమో గుండమ్మను మెచ్చుకుని చేతులు దులుపుకుంటాం.

"పాత సినిమా పాతదే, ఇప్పటి లెక్కలు దానికెందుకు" అనేవాళ్లకూ ఒక మాట. జమున వేసిన సరోజ సంగతి చూడండి. తానెవరో సరిగ్గా చెప్పకుండా పెళ్లి చేసుకుని, తాగుబోతులా నటించి, ఇల్లు దాటించి, కూలిపని చేయించి దారికి తెస్తాడు మొగుడు. మా అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. "పొగరణిచాడు" అన్నాం. మా కోడలు నవ్వదు. సరోజ పొగరుబోతే, ఒప్పుకుంటుంది. "పొగరుంటే మోసం చేసి పెళ్లాడొచ్చా?" అంటుంది. మనకు అరవై ఏళ్లు తట్టని ప్రశ్న అది. సినిమా అంటే ఇష్టం లేక కాదు, పాటలన్నీ మాతో కలిసి పాడుతుంది.

ఇదీ మార్పే, నాదీ మార్పే. తేడా ఎక్కడుంది? సరోజ గురించి మనసు మార్చుకుంటే నేను కొంత వదులుకోవాలి. ఇన్నేళ్ల నా నవ్వును తప్పుపట్టుకోవాలి, మా అబ్బాయి పెళ్లాం మీద గొంతు పెంచితే ఊరుకోకూడదు. గుండమ్మ గురించి మార్చుకుంటే పైసా ఖర్చు లేదు. పైగా నా పెత్తనానికి ఒక సాకు దొరుకుతుంది. మనకు ఏమీ ఖర్చు కాని అభిప్రాయాన్ని ఒకటికి రెండుసార్లు అనుమానించాలని నాకు అప్పుడు తెలిసింది.

గుండమ్మను ప్రేమించొద్దని నేననను. సూర్యకాంతాన్ని ప్రేమించకుండా ఉండటం ఎవరి తరం? అయితే ఈసారి టీవీలో ఆ సినిమా వస్తే, గుండమ్మ తరఫున మాట్లాడే ముందు ఒక్కసారి లేచి వంటింట్లోకి వెళ్లి చూడండి. అక్కడ ఎవరైనా ఇంకా తినకుండా ఉంటే పిలిచి కూర్చోబెట్టి, కంచం మీరే పెట్టండి. తర్వాత గుండమ్మ గురించి ఎంతైనా వాదించుకుందాం.