కుక్క ఎవరిది, చాకిరీ ఎవరిది?

కుక్కనో పిల్లినో పెంచుకోవడం పడే శ్రమకి తగినదేనా అన్న చర్చ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో తరచుగా వినిపిస్తోంది. ఇక్కడ విడి ఇళ్లూ వాకిళ్లూ ఉన్న రోజుల్లో కుక్క గేటు దగ్గర పడుండేది, మిగిలిన అన్నం తినేది. ఆ ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక అది మూడో అంతస్తులోకి, సోఫా మీదకి వచ్చింది. దాని పనంతా ఇంటిపనిలో కలిసిపోయింది. లాభనష్టాలు బేరీజు వేసేవాళ్లు ఒక్క ప్రశ్న మాత్రం దాటేస్తారు. కావాలన్నవాళ్లూ, చేసేవాళ్లూ ఒకరేనా?

చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురంలో నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఒకరు కాదు. పిల్లలు అడుగుతారు, తండ్రి తెస్తాడు. జాలిగుండె ఉన్న మనిషని ఆయనకి పేరు. సాయంత్రం గొలుసు పట్టుకుని వీధిలో తిప్పడం ఆయన వంతు. నలుగురికీ కనపడే పని అదొక్కటే! తిండి కలపడం, వెంట్రుకలు ఊడ్చడం, ఉచ్చ తుడవడం, టీకా తేదీ గుర్తుంచుకోవడం, ఊరికెళ్లాల్సి వస్తే ఆగిపోవడం ఆమె వంతు. ఒకామె నాతో అంది: "పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కాస్త ఊపిరి పీల్చుకుందామనుకుంటే మళ్లీ పసిబిడ్డని తెచ్చి చేతిలో పెట్టారండీ. ఇది ఎప్పటికీ స్కూలుకి పోదు."

ఇదీ ఒక పనేనా అని తీసిపారేయకండి. సమయ వినియోగాన్ని లెక్కించడానికి ఐక్యరాజ్యసమితి రూపొందించిన 2016 వర్గీకరణ పెంపుడు జంతువుల సంరక్షణని వేతనం లేని ఇంటిపనిలోనే చేర్చింది. మన దేశంలో 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంత తేడా ఉన్న ఇంట్లోకి కొత్త పని వస్తే అది ఎటు పోతుందో చెప్పడానికి మరో సర్వే అక్కర్లేదు.

ఇంటావిడ దగ్గరే అది ఆగుతుందా అంటే, అదీ లేదు. ఆమె చేయలేనిది ఇంట్లో పనిచేసే స్త్రీ మీద పడుతుంది. గిన్నెలు, ఊడ్చి తుడవడం, బట్టలు అని మాట్లాడుకుని చేరిన పనిలోకి కుక్క మధ్యలో వచ్చింది. జీతం మాత్రం పెరగలేదు. సరూర్‌నగర్ వైపు నుంచి వచ్చి పనిచేసే ఒకామెని ఆ ఇంటి కుక్క పిక్క మీద కరిచింది. "మాది టీకాలు వేయించిన కుక్కే, ఏం కాదు" అని పసుపు చేతిలో పెట్టారట. "వాళ్ల కుక్కకు సూదులేసిన్రు గదా అని నేను ఊకుంటనా అమ్మా?" అంది నాతో. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి వెళ్లి వేయించుకుంది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో సూదులు. సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితమే, కానీ నాలుగు పూటల పని, ఆటో ఖర్చు ఎవరు కట్టారు? ఆమే.

చట్టం లేకపోలేదు. తన జంతువు వల్ల మనుషులకి అపాయం కలగకుండా జాగ్రత్త పడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో, ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడొకడు ఆ ఇంటి కుక్క మీదకి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాక గానీ ఈ మాట ఎవరికీ గుర్తు రాలేదు. పనిచేసే ఇంటి మీద పోలీసు స్టేషన్‌కి వెళ్లిన స్త్రీకి మర్నాడు ఆ ఇంట్లో పని ఉంటుందా?

అలాగని పెంచుకోవద్దనడం నా ఉద్దేశం కాదు. మా కాలనీలో రిటైరయిన టీచరు ఒకావిడ ఒంటరిగా ఉంటారు, పిల్లిని పెంచుకుంటున్నారు. "ముప్పై ఏళ్లు అందరికీ వండి పెట్టాను. ఉప్పు తక్కువైందని అనని ప్రాణి ఇదొక్కటే" అంటారు. అక్కడ కోరికా ఆమెదే, చాకిరీ ఆమెదే, సంతోషమూ ఆమెదే. శ్రమకి తగినదేనా అని ఆమెని అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ అలాంటి స్త్రీకే ఇల్లు దొరకదు. ఒంటరి ఆడది, పైగా పిల్లి! అపార్ట్‌మెంట్ సంఘాలు తీర్మానం చేసి కూడా పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో చెప్పింది. "మేం ఇవ్వం" అనే ఇంటి ఓనరు నోటిమాటకి అది అడ్డం రాదు. నలుగురున్న కుటుంబం నాలుగు కుక్కల్ని తెచ్చుకున్నా అడగని ఓనర్లు ఈమె పిల్లి దగ్గర శుభ్రత గుర్తు చేసుకుంటారు.

కుక్కపిల్లని ఇంటికి తెచ్చే ముందే ఉచ్చ ఎవరు తుడుస్తారో ఇంట్లో పేరు పెట్టి తేల్చుకోవాలి. ఇళ్లలో పనిచేసే స్త్రీల సంఘాలు రేటు మాట్లాడేటప్పుడు గిన్నెలు, బట్టలతో పాటు కుక్క పనికీ విడిగా రేటు చెప్పాలి. అది కరిస్తే మందు ఖర్చు, పోయిన పూటల జీతం ఇచ్చుకోవాల్సింది ఇంటివాళ్లేనని పనిలో చేరే రోజే ఒప్పించాలి.