‘బాగున్నది’ అన్నచో చాలునా?

ముంబయి రహదారిపై పటాన్‌చెరువు దాటి సంగారెడ్డి దిక్కుగా పోవువారికి రుద్రారము తగులును. ఒకవంక గణేశగడ్డ దేవాలయపు గంట, ఒకవంక కర్మాగారముల కూత, నడుమ గీతం విశ్వవిద్యాలయమునకు వచ్చిపోవు విద్యార్థుల సందడి. ఇన్ని ధ్వనుల మధ్య ఇప్పుడు మరియొక ధ్వని పుట్టుచున్నది. అద్దెగదులలో యువకులు తలుపులు మూసి, పంకా నిలిపి, కిటికీకి దుప్పటి కట్టి, తమ పాటను తామే వ్రాసి, తామే బాణీ కట్టి, తామే రికార్డు చేసికొనుచున్నారు. సినిమా కంపెనీల గడప త్రొక్కనక్కరలేదు. సెల్‌ఫోను, చిన్న మైకు, పట్టుదల యున్నచో పాట లోకమున పడును.

పాట పుట్టుటకు ఇన్ని సదుపాయములు కలిగినవి. అది పెరుగుటకు కావలసిన దొక్కటి మాత్రము కరవైనది. అది విని చెప్పు చెవి.

కొలది మాసముల క్రిందట అట్టి యువకుడొకడు రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా మా యొద్దకు వచ్చెను. “సారూ, జర ఒక్కపారి ఇనుండ్రి. ఎట్లున్నదో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి” అనెను. ఊరిలో విడిచివచ్చిన తల్లిని గూర్చిన పాట. పల్లవి చక్కగా నెత్తుకొన్నాడు. రెండవ చరణమున లయ ముందునకు పరుగెత్తినది. డప్పు మోతలో మాటలు మునిగిపోయినవి. ఇవి మాకు తెలియకపోలేదు. అయినను పనుల తొందరలో “బాగున్నది నాయనా, కానిమ్ము” అని ఊరకుంటిమి. అతడు క్షణకాలము నిలిచి, “గంతేనా సారూ?” అని వెడలిపోయెను. మరల రాలేదు. ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

మేము చేసినది మర్యాద కాదు, తప్పించుకొనుట. నేడు కొత్త పాటకు లభించుచున్న ప్రతిస్పందన ప్రాయికముగ రెండు తెరగులు: స్నేహితుల ‘అద్భుతము’, అపరిచితుల ఎగతాళి. మొదటిది తీపి, రెండవది చేదు. రెండింటను పోషకపదార్థ మొకటే, అది శూన్యము. రెండవ చరణమున ఏమి జరిగినదో పాడినవానికి ఎవరును చెప్పరు. విమర్శ యనగా నిందయని మనము పొరబడుచున్నాము. ఆ మాటకు మూలమైన ధాతువునకు తాకుట, ఆలోచించుట అను అర్థములు కలవు. పాటను తాకకయే పొగడినవాడును, తాకకయే తెగడినవాడును విమర్శకులు కారు.

మంచి శ్రోత యొక్కడు ఏమి చేయగలడో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. రుద్రారము 2016 వరకు మెదకు జిల్లాలోనిది. ఆ జిల్లా తూప్రానున పుట్టిన గుమ్మడి విఠల్‌రావు తొలినాళ్లలో బుర్రకథలు చెప్పిన యువకుడు. ఆ జిల్లా ప్రజ్ఞాపూరున పుట్టిన బి. నర్సింగరావుగారు ఆయన గొంతును మెచ్చి ఊరకొనక, పాట వ్రాయుమని పురికొల్పిరి. 1971లో రిక్షాకార్మికునిపై పాట వెలువడినది. తొలి పాటల సంపుటికి పెట్టిన ‘గద్దర్’ అను పేరే ఆ కవిగాయకునికి పేరైనది. 2023లో గతించిన ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారును ఆ పాట బలము నంగీకరింతురు. ఆ బలమునకు వెనుక తొలుత నిలిచినది ఒక శ్రోత మాట.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి కథయు నట్టిదే. 1964లో మదరాసున ఔత్సాహికుల పోటీలో బహుమతి గెలిచిన ఆ విద్యార్థిని చేరదీసి, 1966లో చలనచిత్రమున పాడించినవారు ఎస్.పి. కోదండపాణిగారు. శిష్యుడు తన రికార్డింగు స్టూడియోకు గురువు పేరు పెట్టుకొనెను. అంతటితో ఋణము తీరెనని తలపలేదు. 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’లో ఆయన పిల్లలకు చేసిన దిద్దుబాట్లను తెలుగు దేశమంతయు చూచినది. ముందు మెచ్చవలసినది మెచ్చి, పిమ్మట శ్రుతి ఎక్కడ జారెనో, ఏ అక్షరము నలిగెనో తాను పాడి చూపెడివారు. పిల్లవానిని చిన్నబుచ్చలేదు, తప్పును దాచనులేదు. ఈ రెండును ఒక్కచోట నుండుటయే దుర్లభము.

చెప్పువానికి కొన్ని నియమములు కలవు. పాట తనకు ఏమని తోచినదో ముందు చెప్పవలెను. తరువాత చోటును చూపవలెను. ‘ఏదో లోపించినది’ అనుట కంటె ‘రెండవ చరణమున మూడవ పాదము వినబడలేదు’ అనుట మేలు. రికార్డింగు దోషము వేరు, గానదోషము వేరు, తన అభిరుచి వేరు. ఈ మూడింటిని కలిపివేయరాదు. పది తప్పులు తెలిసినను రెండు చెప్పిన చాలును, తక్కినవి రాబోవు పాటకు.

వినువానికిని బాధ్యత కలదు. తాను అడుగుచున్నది బాణీని గూర్చియా, సాహిత్యమును గూర్చియా, ధ్వని కూర్పును గూర్చియా ముందే తెలుపవలెను. చెప్పుచుండగా సమర్థించుకొనరాదు. పాటకు తగిలిన మాట తనకు తగిలినట్లు భావింపరాదు. ముగ్గురు శ్రోతలు ఒకేచోట తడబడినచో వారు సూచించు చికిత్సలు వేరైనను రోగ మచటనే యున్నదని గ్రహింపవలెను. చికిత్స మాత్రము తనదే. తుది తీర్పు పాట కట్టినవానిదే.

గురుకులములు లేని ఈ కాలమున పొరుగువాని చెవియే గురుకులము. యంత్రము పాటను పట్టుకొనును, దిద్దదు. పాఠకమహాశయులారా, ఎవరైన ఒక కుర్రవాడు సెల్‌ఫోను చేతబట్టి మీ వాకిట నిలిచినచో మేము చేసిన తప్పు మీరు చేయకుడు. అయిదు నిమిషములు కూర్చుండి వినుడు. ఒక మెప్పు, ఒక దిద్దుబాటు చేతబెట్టి పంపుడు. ‘గంతేనా?’ అని అడుగవలసిన అవసరము ఏ గాయకునికిని కలుగకుండుగాక.