ఎర్ర చుక్కలో ఒక స్నేహితుడు

మొన్న ఆదివారం మా చర్చిలో మిషనరీ సేవ గురించి ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. తెర మీద ప్రపంచ పటం, దాని నిండా ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్కా సువార్త అందని ఒక్కో జనమట. ఆంధ్ర, తెలంగాణల మీద కూడా బోలెడు చుక్కలు. పక్కనున్న పెద్దాయన "మీవాళ్ళే కదూ?" అన్నాడు జాలిగా. తలూపాను గానీ, ఎక్కడో గుచ్చుకుంది. ఆ చుక్కల్లో ఒకదాని కింద నా ఇంటర్ స్నేహితుడు ఉంటాడు. వాళ్ళమ్మ చేతి పప్పుచారు తిన్నవాణ్ణి నేను.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్ సభలో రాల్ఫ్ వింటర్ అనే ఆయన, దేశాలవారీగా కాదు, భాష, ఆచారాలవారీగా చూడండి, దగ్గర్లో ఏ సంఘమూ లేని జనాలు ఇంకా ఎందరో ఉన్నారని వాదించాడు. మాట నిజమే. మత్తయి సువార్త చివరనున్న ఆజ్ఞ కూడా అన్ని జనాల గురించే. కాబట్టి వెళ్ళాలా వద్దా అన్నది నాకు ప్రశ్న కాదు. ఎలా వెళ్ళాలన్నదే ప్రశ్న.

2018 నవంబరులో జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ళ అమెరికన్ కుర్రాడు, చట్టం వద్దంటున్నా అండమాన్‌లోని నార్త్ సెంటినల్ దీవికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని భక్తిని నేను శంకించను. కానీ బయటి జబ్బులెరగని ఆ కొద్దిమందికి మన జలుబు కూడా చావు కావచ్చు. రావద్దని వాళ్ళు బాణాలతో చెప్తూనే ఉన్నారు. వినడం కూడా ప్రేమే కదా!

దానికి వందేళ్ళ ముందే మన దగ్గర ఇంకో దారి కనబడింది. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. దాని తరఫున అజరయ్య గారు 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1945లో పోయేదాకా మనవాళ్ళ మనిషిగానే ఉన్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరో సభలో తెల్ల మిషనరీల మొహం మీదే చెప్పారు... మీ దానాలూ త్యాగాలూ చూశాం, మాకు స్నేహితులు కూడా కావాలి అని.

స్నేహం... అక్కడే నేను దొరికిపోయాను. ఎర్ర చుక్కల కోసం నెలనెలా డబ్బు కడుతున్నాను. ఇరవయ్యేళ్ళుగా ఆ స్నేహితుడితో మాత్రం క్రికెట్టూ, ఇళ్ళ స్థలాల రేట్లే మాట్లాడాను. కిందటేడు వాళ్ళమ్మ పోయినప్పుడు "చచ్చాక ఏముంటుందిరా? నువ్వేమంటావు?" అని ఫోన్లో అడిగాడు. మతం మార్చడానికి చూస్తున్నాననుకుంటాడేమోనని భయపడి మాట మార్చేశాను. అడిగినవాడికి చెప్పలేదు గానీ, అడగనివాళ్ళకి చెప్పించడానికి డబ్బు కడుతున్నాను!

ఈ శనివారం వాడికి ఫోన్ చేస్తాను. ముందు వాళ్ళమ్మ గురించి మాట్లాడుకుంటాం. ఆ రోజు జవాబు ఎగ్గొట్టానని ఒప్పుకుంటాను. వినాలనుందంటే నేను నమ్మేది చెప్తాను. వాడు నమ్మకపోయినా మా స్నేహం ఎక్కడికీ పోదు. ఆ మాట ఇవ్వలేనివాడు సువార్త మోసుకెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మీరేమంటారు?