మన బండి లెక్క పుణెల గీసిన గీతనా?

పొద్దుగాల ఆరింటికి ఆలేరుల బండి తీసిన పిలగాడు ఉప్పల్ దాటి తార్నాక చేరేసరికి ట్యాంకు ముల్లు కిందికి దిగుతది. లీటరుకు 70 ఇస్తదని షోరూంల చెప్పిండ్రు. నా బండికి కూడా గదే చెప్పిండ్రు, 50 దాటుడే కష్టం. మెకానిక్ కాడికి పోతే ప్లగ్గు మార్చుమంటడు. తప్పు ప్లగ్గుది కాదు, కొలతది.

మైలేజీ, పొగ లెక్క రోడ్డు మీద తియ్యరు. బండిని రోలర్ల మీదికి ఎక్కించి, ముందే గీసిపెట్టిన గీత ప్రకారం నడుపుతరు. ఏ సెకనుకు ఎంత స్పీడు, ఎక్కడ బ్రేకు, ఎంతసేపు నిలబడుడు, అన్నీ ఆ గీతలనే ఉంటయి. దాన్నే డ్రైవింగ్ సైకిల్ అంటరు. మన దేశానికి ఆ గీతను పుణెల ఉన్న ఏఆర్ఏఐ 1985ల తయారు చేసింది. 108 సెకన్ల ముక్కను ఆరుసార్లు తిప్పుతరు. మొత్తం కలిపితే నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. ఎక్కువల ఎక్కువ స్పీడు 42. ఆ స్పీడు మీద పోతే వంగపల్లి కాడ ఆర్టీసీ బస్సు హారన్ కొట్టి మనల్ని మట్టిలకు దింపుతది!

ఏండ్లకేండ్లు ఆ గీత మీదనే మన బండ్లు పాసైనయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ భారత్ స్టేజ్-4 వచ్చినంక ప్రపంచ మోటారు సైకిల్ టెస్టు పెట్టిండ్రు. పాతదాని కంటె నయమే, కాదనను. కానీ దేశదేశాల రోడ్లను కలిపి తీసిన సగటుల ఉప్పల్ చౌరస్తా యాడికెళ్లి వస్తది? నారపల్లి తొవ్వల 2018ల మొదలైన ఫ్లైఓవర్ పనుల నడుమ ఏండ్ల తరబడి ఫస్టు గేరుల పాకిన బండి ఏ సగటుల ఉన్నది? టెస్టుల నడిపేటోని బరువు 75 కిలోలని లెక్క. మన దిక్కు బండి మీద భార్య, ముంగట పిల్ల, లేకుంటె రెండు దిక్కుల పాల క్యాన్లు. ఉద్యమం రోజుల్ల బైక్ ర్యాలీలు తీసినోళ్లకు ఎరుకే, మెల్లగ నడిపితే పెట్రోలు ఎట్ల తాగుతదో.

ఇదేం కానిపని కాదు. స్కాట్లాండుల ఎడింబరో నగరానికి, మన ఢిల్లీకి మోటారు సైకిళ్ల కోసమే పరిశోధకులు వేరే సైకిళ్లు గీసిండ్రు. పద్ధతి సులువే. మామూలుగ తిరిగే బండ్లకు జీపీఎస్ పెట్టి సెకను సెకనుకు స్పీడు రాస్తరు. ఒక ఆగుడు నుంచి ఇంకో ఆగుడు దాంక ముక్కలు చేస్తరు. మొత్తం ప్రయాణాల సగటు స్పీడుకు, ఎత్తుడు దించుడుకు, నిలబడ్డ సమయానికి సరిపోయే ముక్కలను ఏరి కుడతరు.

ఊరికో టెస్టు పెడితే కంపెనీలు బండ్లు ఎట్ల చేస్తయని అడిగేటోళ్లున్నరు. చట్టం టెస్టు ఒక్కటే ఉండనీ, దాంతోని పంచాయితీ లేదు. హైదరాబాద్ గాలిల బండ్ల పొగ ఎంత, ఏ చౌరస్తాల ఎక్కువ అని సర్కారు లెక్క కట్టేటప్పుడన్న మన గీత కావాలె గదా. షోరూంల చెప్పే మైలేజీ పక్కన మన రోడ్ల మైలేజీ కూడా జనానికి తెల్వాలె గదా. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. నీళ్లు, నిధులు, కొలువుల లెక్కలు మనమే తీసుకున్నం. పెట్రోలు లెక్క ఇంకా తియ్యలే.

దీనికి కొత్త సంస్థ అక్కరలేదు. ఒక దిక్కు ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ, ఇంకో దిక్కు వరంగల్ నిట్, నడుమ ఆలేరు. ఒక ఇరవై బండ్లకు మూడు నెలలు జీపీఎస్ కట్టుండ్రి. వానకాలంల ఒకపారి, ఎండకాలంల ఒకపారి. పాలోనిది, చేనేత చీరెలు మోసేటోనిది, రోజూ పట్నం పోయొచ్చే కొలువుదారుది పెట్టుండ్రి. అండ్ల మొదటి బండి నాది రాసుకోండ్రి.