తెగేది ఏ దారిలో?

సంపాదకులకు,

పల్లెల్లో హాట్‌స్పాట్ పదేపదే తెగిపోవడానికి టవర్లే కారణమని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. మాది మందస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఫోన్లు మూగబోవడం నేనూ చూశాను. అయినా ఆయన మాట పూర్తిగా ఒప్పుకోలేను.

మొన్న మా అమ్మాయి పరీక్ష దరఖాస్తు నింపుతుంటే ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్‌కి వచ్చే నెట్ మూడుసార్లు పోయింది. ఫీజు కట్టే పేజీ దగ్గరే ఆగిపోతే పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. అదే సమయంలో ఫోన్‌లో వీడియో మాత్రం ఆగకుండా ఆడుతోంది! అంటే టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే దారి బాగానే ఉంది. తెగుతున్నది ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య. ముందు ఈ రెండు దారుల్నీ విడదీసి చూడాలి.

మా హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉండేది. ఆ తరంగాలు గోడ దాటేసరికి బాగా నీరసిస్తాయి. 2.4కి మార్చాక పక్కగదికీ అందింది. వేగం కొంత తగ్గింది, తెగడం తగ్గింది. బ్యాటరీ సేవర్, హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగు కూడా తీసేశాం.

అన్నిటికంటే నమ్మకమైనది ఛార్జింగ్ కేబులే. డేటా కూడా పంపే కేబుల్‌తో ఫోన్‌ని కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే వైఫైతో పనే లేదు. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ నుంచే ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కుతుంది. ఫోన్‌ని కిటికీలో పెట్టగలిగేంత పొడుగు కేబుల్ అయితే మరీ మంచిది.

ఆ పాఠకుడు ఒకసారి కేబుల్ పెట్టి చూడాలని మనవి. అప్పటికీ తెగితే, టవర్ గురించి ఆయన పెట్టే అర్జీ మీద నేనూ సంతకం చేస్తాను.

– ఒక పాఠకురాలు, మందస, శ్రీకాకుళం జిల్లా