ప్రొజెస్టిరాన్ తక్కువా? పరీక్ష తేదీ చూసుకోండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. బహిష్టు 38 నుండి 40 రోజులకు ఒకసారి వచ్చేది. 21వ రోజున రక్తపరీక్ష చేయించారు. ప్రొజెస్టిరాన్ 0.9 మాత్రమే ఉందనీ, అందుకే గర్భం రావడం లేదనీ చెప్పి, ప్రతి నెలా 16వ రోజు నుండి పది రోజులు మాత్రలు వాడమన్నారు. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. బహిష్టు నెలనెలా వస్తోంది గాని గర్భం రాలేదు. ఈ మిరప కోతలు అయ్యేలోగా విశేషం లేకపోతే మా వారికి మరో సంబంధం చూస్తానని మా అత్తగారు అంటున్నారు. నా ఒంట్లో ఆ హార్మోను ఇక పెరగదా?
— ఒక సోదరి, పెదనందిపాడు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీకు 40 రోజులకు బహిష్టు వచ్చేది. పరీక్ష చేసింది 21వ రోజున. తప్పు మీ ఒంట్లో కన్నా ఆ తేదీలోనే ఎక్కువగా కనిపిస్తోంది.

అండాశయం నుండి అండం విడుదలైన తరువాత, అది ఉన్న చోట పసుపు రంగు గ్రంథి ఒకటి ఏర్పడుతుంది. ప్రొజెస్టిరాన్ తయారయ్యేది అక్కడే. గర్భసంచి లోపలి పొరను పిండం అంటుకోవడానికి అనువుగా మార్చడం దాని పని. 1929లో అమెరికాలో కార్నర్, ఆలెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ల మీద దీనిని రుజువు చేశారు. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు అండం, ఆ తరువాతే హార్మోను. అండం విడుదల కాకముందు రక్తంలో ప్రొజెస్టిరాన్ కోసం వెదకడం, పూత రాని మిరప చేలో కాయలు లెక్కపెట్టడం వంటిది.

సాధారణంగా రాబోయే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. 28 రోజులకు బహిష్టయ్యే వారికి అది 14వ రోజు. మీకు 25, 26వ రోజు. పరీక్ష చేయవలసింది రాబోయే బహిష్టుకు ఏడు రోజుల ముందు. 28 రోజుల వారికి అది 21వ రోజు అవుతుంది గనుక ఆ అంకె అందరి చీటీల మీదా పడిపోయింది. మీకైతే 32, 33వ రోజున చేయాలి. ఆ రోజున 3 నానోగ్రాములకు మించితే అండం విడుదలైనట్లే. ఎంత మించిందన్నది పట్టుకుని దిగులు పడకండి. ఈ హార్మోను రక్తంలోకి విడతలు విడతలుగా వస్తుంది. ఒకే రోజున ఉదయం ఒక అంకె, సాయంత్రం మరో అంకె రావచ్చు.

ఇక మాత్రల సంగతి. 16వ రోజుకు మీకు అండం ఇంకా తయారు కాలేదు. అంతకు ముందే ప్రొజెస్టిరాన్ అందితే కొందరిలో అండం విడుదల ఆగిపోవచ్చు కూడా. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే బహిష్టు, మందు ఆపినందువల్ల వచ్చేదే. దానిని చూసి ఒళ్లు దారికొచ్చిందని చాలామంది పొరపాటు పడతారు. తరువాతి డబ్బీ కొనే ముందు ఈ ప్రశ్నలన్నీ మీ డాక్టరుగారిని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు. అడగనందువల్ల ఎనిమిది నెలలు పోయాయి.

బహిష్టు 40 రోజులకు ఎందుకు జరుగుతోందన్నది అసలు తేలవలసిన విషయం. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, అండాశయాల స్కానింగ్ చేయించండి. అండాశయంలో నీటిబుడగల వంటివి కనిపించే పి.సి.ఓ.ఎస్. ఈ రోజుల్లో పల్లెల్లోనూ చూస్తున్నాం. అదే అయితే అండం విడుదల కావడానికి లెట్రోజోల్ వంటి మందు బహిష్టు మొదటి రోజుల్లో అయిదు రోజులు ఇస్తారు. ఒళ్లు ఉంటే కాస్త తగ్గినా గుణం కనిపిస్తుంది. మన దేశంలో క్షయ వల్ల గర్భనాళాలు మూసుకుపోవడం కూడా తక్కువేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉంటే చెప్పండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వారి పరీక్ష ఊసే లేదు. పిల్లలు కలగని జంటలలో సుమారు సగం మందిలో మగవారి లోపం ఒంటరిగానో, తోడుగానో ఉంటుంది. వీర్యపరీక్షకు కత్తీ లేదు, సూదీ లేదు. రెండు నుండి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ఆయన పత్తికి, మిరపకు మందు కొట్టే రైతయితే అది కూడా డాక్టరుకు చెప్పాలి. 1977లో కాలిఫోర్నియాలో డి.బి.సి.పి. అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీలో అనేకమంది కార్మికులకు వీర్యకణాలు పడిపోయినట్లు బయటపడింది. చుట్ట, సిగరెట్టు, గుట్కా మానాలి. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది గనుక, మానిన ఫలితం మూడు నెలలకు గాని తెలియదు. లోపం ఎవరిదో తేలకుండా మరో సంబంధం చూడటమంటే ఇంకొక ఆడపిల్లను కూడా ఇదే వరుసలో నిలబెట్టడం. మీ అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి.

2019లో గుంటూరులో 74 ఏళ్ల స్త్రీ కవలలను కన్న వార్త మీరూ విని ఉంటారు. అది వేరొకరి అండంతో, ఐ.వి.ఎఫ్. పద్ధతిలో జరిగింది. అండాశయాలు పని మానిన వయసులో గర్భసంచిని సిద్ధం చేయడానికి హార్మోన్లు బయటి నుండే ఇవ్వాలి. ప్రొజెస్టిరాన్ నిజంగా అవసరమయ్యేది అటువంటి చోట. ఆ వార్త చూసి ‘ఇంకా టైముందిలే’ అనుకోవద్దు. 2021 నాటి చట్టం ప్రకారం ఇటువంటి చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు దాటకూడదు. మీకింకా 27 ఏళ్లే, అంత దూరం ఆలోచించనక్కరలేదు.

ఈలోగా ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోండి. గర్భం రాకముందు నుండే వాడితే బిడ్డ వెన్నెముక లోపాలు తగ్గుతాయి. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. కారాలు తింటే వేడి చేసి గర్భం రాదని పొరుగువారు అన్నారని ఉత్తరం చివర రాశారు. గుంటూరు జిల్లాలో అదే నిజమైతే ఊళ్లో పిల్లలే ఉండకూడదు.

ఇద్దరి రిపోర్టులూ వచ్చాక మళ్లీ రాయండి. పరీక్ష ఏ రోజున చేశారో, ఆ తరువాత బహిష్టు ఏ రోజున వచ్చిందో రెండు తేదీలూ తప్పక వేయండి.